జానర్ పాఠాలు - 4: కరెంటు పోయిన ఇల్లు

కిందటి పాఠంలో థ్రిల్లర్ చూశాం. పాత్రకు తెలియనిది ప్రేక్షకుడికి ముందే తెలిస్తే టెన్షన్ పుడుతుందని చెప్పుకున్నాం. అప్పుడు ఇచ్చిన రెండు నిమిషాల సీను తీయకపోతే ముందు అది తీసి రండి, ఈ పాఠానికి అదే పునాది. హారర్‌లో ఆ లెక్క మారిపోతుంది. ఇక్కడ పాత్రకూ తెలియదు, మనకూ తెలియదు. ఏదో ఉందని మాత్రం ఇద్దరికీ అనిపిస్తుంటుంది.

ఈ అనుభవానికి తెలుగులో మూడు మాటలున్నాయి: గుబులు, భయం, ఉలికిపాటు. కారణం తెలియకుండా కడుపులో మొదలయ్యేది గుబులు. కారణం కళ్లబడ్డాక వచ్చేది భయం. ఉలికిపాటు అరసెకను పని. కొత్తగా కెమెరా పట్టినవాళ్లు చాలామంది ఆ చివరిదాంతోనే మొదలుపెడతారు. అద్దంలో హఠాత్తుగా ఒక మొహం, ఢామ్మని ఆర్.ఆర్. (నేపథ్య సంగీతం). హాల్లో అందరూ ఉలిక్కిపడతారు, నిజమే. వంటింట్లో గిన్నె జారిపడినా ఉలిక్కిపడతారు. హారర్ తీసేవాళ్ల అసలు పని గుబులు పుట్టించి, దాన్ని వీలైనంతసేపు ఆరిపోకుండా కాపాడటం.

దీనికి నేను ఎప్పుడూ చూపించే సీను ఒకటుంది. 1942లో హాలీవుడ్‌లో ఆర్కేవో సంస్థ ‘క్యాట్ పీపుల్’ అనే చిన్న బడ్జెట్ సినిమా తీసింది. నిర్మాత వాల్ ల్యూటన్, దర్శకుడు జాక్ టూర్నర్. తాను చిరుతగా మారిపోతానని నమ్మే ఇరీనా, రాత్రిపూట పార్కు గోడ వెంట ఒంటరిగా నడిచి వెళ్తున్న ఆలిస్ వెనకాల వస్తుంటుంది. ఇద్దరి హైహీల్స్ చప్పుడు టకటకా వినిపిస్తుంటుంది. దారి పొడవునా వీధిదీపాలు. ఒక దీపం కింద వెలుగు, దాటగానే చీకటి, మళ్లీ వెలుగు. కాసేపటికి వెనక అడుగుల చప్పుడు ఆగిపోతుంది. ఆలిస్ తిరిగి చూస్తే రోడ్డు ఖాళీ. నడక పరుగవుతుంది. అంతలో బుస్సుమని, మృగం మీదికి దూకినట్టు ఒక చప్పుడు. ఫ్రేములోకి వచ్చింది సిటీ బస్సు! బ్రేకు వేస్తే వచ్చిన చప్పుడది. అక్కడ మృగాన్ని చూపించనే లేదు. ఈ కిటుకుకి సినిమావాళ్లలో ‘ల్యూటన్ బస్’ అన్న పేరే స్థిరపడింది.

అందరూ బస్సునే గుర్తుపెట్టుకుంటారు. నా దృష్టిలో ఆ సీనుకి ప్రాణం అంతకుముందే ఉంది, వెనక అడుగులు ఆగిపోయిన చోట. అప్పటిదాకా రెండు చప్పుళ్లు వింటున్న మన చెవికి ఒకటే మిగిలింది. రెండోది ఏమైంది? ఈ ప్రశ్న వేసుకుంటున్నది ప్రేక్షకుడు, డైలాగు కాదు. చప్పుడు కలపడం కంటే ఉన్న చప్పుడు తీసేయడం బలమైన పని అని ఆ ఒక్క క్షణం చూస్తే అర్థమవుతుంది.

ఇప్పుడు దీన్ని మనింటికి తెద్దాం. మీకు పార్కు గోడ అక్కర్లేదు, సీలింగ్ ఫ్యాన్ చాలు. మనం ఆ చప్పుడులోనే పుట్టి పెరిగాం కాబట్టి అది ఉందన్న సంగతే చెవికి తెలియదు. కరెంటు పోయినప్పుడు ఏం జరుగుతుందో గుర్తు తెచ్చుకోండి. లైటు టక్కున ఆరిపోతుంది, ఫ్యాన్ మాత్రం వెంటనే ఆగదు. గాలి తగ్గుతుంది, రెక్కల చప్పుడు విడివిడిగా వినపడటం మొదలవుతుంది, చివరికి చిన్న కిర్రు. మా ఇంట్లో ఫ్యాన్ పూర్తిగా ఆగేసరికి దాదాపు నిమిషం పట్టింది. ఆ నిమిషమంతా నిశ్శబ్దం మెట్టు మెట్టు దిగి గదిలోకి వస్తున్నట్టుంటుంది. అది దిగాక కుళాయి చుక్క, గోడగడియారం, పక్కగదిలో ఏదో కాగితం రెపరెప, ఇంతసేపూ ఉన్నవే కొత్తగా వినపడతాయి.

ఆ చప్పుడు విడిగా రికార్డు చేసుకోండి. ఫోన్‌ని ఫ్యాన్ కింద మంచం మీద పెట్టి, స్విచ్ ఆపి, పూర్తిగా ఆగాక కూడా ముప్పై సెకన్లు కదలకుండా ఉండండి. ఆ చివరి ముప్పై సెకన్లు మీ గది ఆంబియెన్స్, అంటే గదిలో సహజంగా ఉండే చప్పుడు, ఎడిటింగ్‌లో ప్రతి కట్ కిందా అదే పరవాలి. ఒక జాగ్రత్త: చాలా ఫోన్లు చప్పుడు తగ్గగానే మైక్ గెయిన్ (చప్పుడు అందుకునే స్థాయి) వాటంతటవే పెంచేస్తాయి, నిశ్శబ్దం స్‌స్‌స్ అని ఉబ్బుతుంది. గెయిన్ మనమే పెట్టుకునే రికార్డింగ్ యాప్ వాడండి. వీడియోకి కూడా ఎక్స్‌పోజర్ (కెమెరా తీసుకునే వెలుగు) మారకుండా లాక్ చేయండి, లేకపోతే లైటు ఆరగానే ఫోన్ చీకటిని వెలుగు చేయబోతుంది.

మామూలు హంగుల సంగతి. గజ్జెల చప్పుడు, కుక్క ఏడుపు, తెల్లచీర, పాత బంగళా. వీటిని వాడకూడదని నేననను. ఇవి ప్రేక్షకుడితో ఎప్పటినుంచో ఉన్న ఒప్పందం. తప్పల్లా పదేపదే వాడటంలో ఉంది. చదువుకునే రోజుల్లో నేను తీసిన తొమ్మిది నిమిషాల సినిమాలో గజ్జెలు పదకొండు సార్లు మోగించాను. మూడోసారికే హాల్లో మాటలు మొదలయ్యాయి. తర్వాత ఎడిటింగ్‌లో కూర్చుని మొదటిది ఉంచి మిగతా పదీ తీసేశాను. అదే ఫుటేజ్, అవే షాట్లు. ఈసారి చూసిన స్నేహితుడు సినిమా అయ్యేదాకా కదల్లేదు. రెండో మోత కోసం చెవులు రిక్కించి కూర్చున్నాడు.

మన ఇళ్లకు అలవాటైన చప్పుడు ఇంకొకటి, బల్లి. ఎవరైనా మాట అనగానే బల్లి పలికితే అది నిజమని మన ఇళ్లలో నమ్మకం, పెద్దవాళ్లు వెంటనే “సత్యం” అంటూ వేలితో నేలమీద కొడతారు. చీకట్లో అమ్మాయి ఫోన్‌లో చెబుతోంది: “ఏం లేదమ్మా, ఎవరో ఉన్నట్టు ఊరికే అనిపిస్తోంది.” బల్లి పలికింది. అవతల అమ్మ ఒక్క క్షణం మాట్లాడలేదు. ఇందులో దెయ్యం ఖర్చు ఎంత?

ఫ్రేమ్ గురించి ఈసారికి ఒక్కటే. మనిషిని అంచుకి జరిపి, మిగిలిన ఖాళీలో ఓరగా తెరిచిన తలుపు ఉంచండి. కెమెరా కదపొద్దు. తలుపు వైపు ఆమె చూడకూడదు, చూడాల్సింది మనం. ఆమె చూసేస్తే ఆ బరువు మన మీంచి దిగిపోతుంది.

అభ్యాసం: ఒక గది, ఒక మనిషి, తొంభై సెకన్లు, అయిదు షాట్లకు మించకూడదు. సంగీతం వద్దు, దెయ్యం వద్దు. ఇరవయ్యో సెకను దగ్గర కరెంటు పోవాలి. సెకనుకు 24 ఫ్రేములు, షటర్ (ఒక్కో ఫ్రేముకి వెలుగు పడే సమయం) 1/50 సెకను పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి లైట్లు మిణకవు. ఎడిట్ అయ్యాక తలుపు షాట్‌ని మూడు రకాలుగా కట్ చేయండి: నాలుగు సెకన్లు, ఏడు సెకన్లు, పన్నెండు సెకన్లు. సినిమా గురించి ఏమీ తెలియని ముగ్గురికి, ఒక్కొక్కరికి ఒక్కో కట్ చూపించండి. తెర వైపు మీరు చూడొద్దు, వాళ్ల చేతులు చూడండి. చూస్తున్నవాళ్లు ఏ సెకనులో కదిలారో రాసుకోండి. అయిదో పాఠం ఆ కాగితంతోనే మొదలుపెడతాం.