నేలపట్టు, పులికాట్‌లో పక్షుల్ని చూసి, చేపల పులుసు తిని రావడం ఎలా?

ముందు తేదీ కుదుర్చుకోండి. నేలపట్టు చెరువు, పులికాట్ సరస్సు రెండూ ఆంధ్ర దక్షిణ కొసన, సూళ్లూరుపేట దగ్గర ఉన్నాయి. ఈ వైపు పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా పడతాయి. ఆ వానలకు చెరువు నిండితేనే నేలపట్టుకు గూడబాతులు (పెలికాన్లు) వచ్చి గూళ్లు కడతాయి. గూళ్లలో పిల్లల్ని చూడాలంటే జనవరి, ఫిబ్రవరి మంచివి. ఇక్కడి పక్షుల పండగ, ఫ్లెమింగో ఫెస్టివల్ రోజుల్లో మాత్రం వద్దంటాను. తిరునాళ్ల సరదాకైతే సరే గానీ, పక్షులకన్నా జనమే ఎక్కువ కనిపిస్తారు.

బస సూళ్లూరుపేటలో పెట్టుకోండి. చెన్నై-గూడూరు రైలు మార్గంలోనే ఉంది. రోజంతటికీ ఒక కారో ఆటోనో ముందురోజే మాట్లాడుకుంటే టెన్షన్ ఉండదు.

తెల్లవారేసరికి నేలపట్టులో ఉండాలి. దొరవారిసత్రం పక్కనే. 1976 నుంచి ఇది పక్షుల అభయారణ్యం. నీళ్లలో నిలబడిన, కడప అనే రకం చెట్ల మీద గూళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. వాచ్ టవర్ ఎక్కి, బైనాక్యులర్‌తో ఒకే గూటిని కాసేపు వదలకుండా చూడండి. పిల్ల తల్లి గొంతుసంచిలోకి తల దూర్చి చేపలు లాక్కుని తింటుంది. నత్తగుల్ల కొంగలు, నీటికాకులు కూడా అక్కడే ఉంటాయి. ఎగిరితే ఫొటో బాగుంటుందని చప్పట్లు కొట్టేవాళ్లుంటారు. పెద్దవి లేచిపోతే గుడ్లు కాకుల పాలవుతాయి. ఊరివాళ్లు ఈ పక్షుల జోలికి పోరు. రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పొలాలకు ఎరువు మరి.

టిఫిన్‌కి కారం దోసె. మధ్యాహ్నానికి నెల్లూరు చేపల పులుసు, దొరికితే బొమ్మిడాయిలది. చిన్న మెస్ చూసుకుని పొద్దున్నే చెప్పిపెట్టండి. 'నిన్నటిది ఉందా?' అని అడగడానికి మొహమాటపడొద్దు, రాత్రంతా ఊరిన పులుసుదే రుచి. మామిడికాయ ముక్కలు వేసిందే కావాలంటే ఫిబ్రవరి చివర్లో వెళ్లండి, జనవరిలో కాయ దొరకడం కష్టం.

ఎండ తగ్గాక శ్రీహరికోట రోడ్డెక్కండి. అది పులికాట్ సరస్సు మధ్య నుంచే పోతుంది. సాయంత్రం తూర్పుకు వెళ్తే సూర్యుడు వీపు వెనక ఉంటాడు కాబట్టి ఫ్లెమింగోల గులాబీ రంగు బాగా తెలుస్తుంది. అవి తల కిందులుగా ముంచి, ముక్కుతో నీళ్లు వడకట్టుకుని తింటాయి. అందుకే లోతు తక్కువ ఉన్నచోటే వెతకండి. దగ్గరికి వెళ్దామని బురదలోకి దిగకండి, కాళ్లు కూరుకుపోతాయి. రాకెట్ ప్రయోగం ఉన్న రోజు ఈ రోడ్డు కిక్కిరిసిపోతుంది, బయల్దేరే ముందే ఆ సంగతి కనుక్కోండి.