లైంగిక దాడి అనుమానంతో ఆసుపత్రికి తెచ్చిన బిడ్డకు వైద్యం ఖర్చు ఎవరిది?

బిడ్డపై లైంగిక దాడి జరిగిందన్న అనుమానం కలిగితే, చేతిలో డబ్బు లేదని ఆగకుండా దగ్గరలో ఉన్న ఆసుపత్రికి, అది ప్రైవేటుదైనా సరే, వెంటనే తీసుకువెళ్ళాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత (నేర విచారణ విధాన చట్టం) 397వ సెక్షన్ ప్రకారం, అత్యాచారానికి, యాసిడ్ దాడికి, పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టంలోని లైంగిక దాడి నేరాలకు గురైనవారికి ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులన్నీ ప్రథమ చికిత్స గానీ వైద్యం గానీ తక్షణం, ఉచితంగా అందించి, పోలీసులకు సమాచారం ఇవ్వాలి. నిరాకరించిన ఆసుపత్రి బాధ్యులకు ఏడాది వరకు జైలుశిక్ష గానీ, జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు.

చిక్కంతా బిల్లింగ్ కౌంటర్ దగ్గరే వస్తుంది. "ముందు అడ్వాన్స్ కట్టండి, ఎఫ్ఐఆర్ కాపీ తెండి" అంటే, అక్కడ వాదనకు దిగకుండా డ్యూటీ డాక్టరునో మెడికల్ సూపరింటెండెంటునో కలిసి, ఇది పోక్సో కేసని, మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసులకు తెలపాల్సిన వైద్య కేసుగా నమోదు చేయమని చెప్పాలి. అత్యవసర వైద్యానికి ముందు ఏ కాగితమూ అడగరాదని 2020 నాటి పోక్సో నియమాలు స్పష్టంగా చెబుతున్నాయి. ఈ మాటలన్నీ నలుగురూ వినేలా కాకుండా, బిడ్డ పేరు బయటపడకుండా, పక్కకు పిలిచి చెప్పాలి. ప్రథమ చికిత్స మాత్రమే ఉచితమని, పరీక్షలకు డబ్బు కట్టాలని కొందరంటారు. పరీక్షలు, అవసరమైతే శస్త్రచికిత్స, కౌన్సెలింగ్ కూడా ఉచిత వైద్యంలో భాగమేనని ఢిల్లీ హైకోర్టు 2024 డిసెంబరులో అక్కడి ఆసుపత్రులకు స్పష్టం చేసింది. చట్టం ఉద్దేశం ఎక్కడైనా అదేనని నా అభిప్రాయం. అయినా వినకపోతే పిల్లల సహాయ నంబరు 1098కి గానీ అత్యవసర నంబరు 112కి గానీ ఫోన్ చేయాలి.

కొట్టడం, కాల్చడం వంటి శారీరక హింసకు 397వ సెక్షన్ వర్తించదు. ఇది పెద్ద లోటు. అత్యవసర వైద్యాన్ని పోలీసు లాంఛనాల కోసం ఆపరాదని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది గానీ, ఆ తీర్పు ఆసుపత్రి బిల్లును రద్దు చేయదు. కాబట్టి ప్రాణాపాయం తప్పాక ప్రభుత్వ ఆసుపత్రికి మార్చడమో, తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ వర్తిస్తాయేమో ఆసుపత్రిలో ఆ పథకాల సహాయ సిబ్బందిని అడగడమో చేయాలి.

పోక్సో కేసుల్లో ప్రయాణం, తిండి, బట్టల వంటి తక్షణ అవసరాలకు జిల్లా బాలల సంక్షేమ కమిటీ సిఫారసు చేస్తే, అది అందిన వారంలోగా ప్రత్యేక సహాయం చెల్లించాలి. ఎఫ్ఐఆర్ నమోదయ్యాక మధ్యంతర పరిహారం కోసం ప్రత్యేక కోర్టును కోరవచ్చు. ఎక్కడైనా డబ్బు కట్టక తప్పకపోతే ఆ రసీదులన్నీ భద్రపరిచి దరఖాస్తుకు జతచేయాలి.