నాలుగు ముద్దలకే మూతి తిప్పేసుకునే పిల్లలకి అన్నం పెట్టేదెలా

మా పాపకి తొమ్మిదో నెల నడుస్తున్నప్పుడు పప్పన్నం కలుపుకుని కూర్చుంటే సరిగ్గా నాలుగు స్పూన్లు తినేది. ఐదో స్పూన్‌కి పెదాలు బిగించి మొహం పక్కకి తిప్పేసేది. పక్కింటి బాబు అదే వయసులో గిన్నె ఖాళీ చేస్తుంటే నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు. మీ ఇంట్లోనూ ఇదే టెన్షన్ ఉంటే, ఏం చేస్తే మాకు దారికొచ్చిందో చెప్తాను. ఇదంతా ఆరు నెలలు నిండి, తల్లిపాలతో పాటు పైఆహారం మొదలైన పిల్లల గురించే.

ముందు గిన్నె వైపు చూడటం మానేసి బరువు చూడండి. అంగన్‌వాడీలో నెలనెలా తూకం వేసి తల్లీబిడ్డల కార్డులో చుక్క పెడతారు కదా, ఆ చుక్కలు కలిపిన గీత పైకి వెళ్తూ ఉంటే, పాప హుషారుగా ఆడుతూ ఉంటే, తనకి కావలసినంత తింటున్నట్టే. ఇంకో సంగతి, ఏడాది నిండేసరికి పిల్లలు పుట్టిన బరువుకి దాదాపు మూడు రెట్లు అవుతారు, ఆ తర్వాత రెండో ఏడాది మొత్తం మీద పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. ఎదుగుదల నెమ్మదించాక ఆకలి కూడా తగ్గుతుంది. మొదటి పుట్టినరోజు అవ్వగానే "దిష్టి తగిలింది, తిండి మానేసింది" అని ఇంట్లో అనేది చాలాసార్లు దీన్ని చూసే. దిష్టి తీయండి, తప్పేం లేదు, కానీ బలవంతంగా నోట్లో కుక్కకండి.

ఎంత పెట్టాలి అంటే, 250 మిల్లీలీటర్ల కప్పు కొలతగా పెట్టుకోండి. 6 నుంచి 8 నెలల్లో రెండు మూడు స్పూన్లతో మొదలుపెట్టి మెల్లగా అరకప్పు దాకా, రోజుకి 2, 3 సార్లు. 9 నుంచి 11 నెలల్లో అరకప్పు, 3, 4 సార్లు. ఏడాది దాటాక ముప్పావు నుంచి కప్పు, 3, 4 సార్లు, మధ్యలో ఒకటి రెండుసార్లు పండో, గుడ్డు ముక్కో. ఇది అందాజాకి మాత్రమే, ప్రతి పూటా ఇంత తినాల్సిందే అని కాదు. ఆ వయసు పిల్లల కడుపులో ఒక్కసారికి పట్టేది కిలో బరువుకి సుమారు 30 గ్రాములు, అంటే ఎనిమిది కిలోల పాపకి పావు లీటరు లోపే.

అందుకే తక్కువ తినే పిల్లల విషయంలో అసలు కిటుకు చిక్కదనంలో ఉంది. త్వరగా మింగేస్తుందని నేను అన్నాన్ని చారులా జారుగా చేసేదాన్ని, ఆ నీళ్ళతోనే కడుపు నిండిపోయేది. స్పూన్ పక్కకి వంచి చూడండి, జారిపోకుండా నిలిచి మెల్లగా కదలాలి, గబుక్కున కారిపోతే పల్చన అయినట్టు. మేము మూడు వంతుల బియ్యం, ఒక వంతు పెసరపప్పు కడిగి ఆరబెట్టి, కమ్మటి వాసన వచ్చేదాకా దోరగా వేయించి, సన్న రవ్వలా మర పట్టించేవాళ్ళం. ఆ ఉగ్గు మెత్తగా ఉడికి దగ్గరపడ్డాక దించి చెంచాడు నెయ్యి. ఆ ఒక్క చెంచాలోనే 45 కేలరీల దాకా ఉంటాయి, అంటే నాలుగు ముద్దలే తిన్నా అవి బలమైన ముద్దలన్నమాట. ఒక పూట ఉడికిన గుడ్డు చిదిమి, ఇంకో పూట తోటకూర మెత్తగా నలిపి, వేయించిన వేరుశనగపప్పు మెత్తటి పొడి చేసి కొంచెం కలిపి పెట్టండి, గింజలు మాత్రం అలాగే ఇవ్వొద్దు, గొంతుకి అడ్డం పడతాయి. మాంసం తినేవాళ్ళయితే బాగా ఉడికించి నలిపి పెట్టండి, రక్తానికి మంచిది. ఏడాది లోపు ఉప్పు, చక్కెర అక్కర్లేదు, తేనె నాకించడం అసలు వద్దు. అంగన్‌వాడీలో ఏడో నెల నుంచి మూడేళ్ళ దాకా ఇచ్చే బాలామృతం తెచ్చుకోండి, అందులో చక్కెర ముందే ఉంటుంది కాబట్టి మళ్ళీ కలపకండి.

ఇక టైం. అన్నానికి ముందు పాలు పడితే ఏ పిల్లా తినదు, కనీసం గంటన్నర గ్యాప్ ఉండాలి. తల్లిపాలు రెండేళ్ళ వరకూ, ఆ పైన కూడా ఇవ్వొచ్చు, కానీ ఏడాది దాటాక ఆవుపాలు, గేదెపాలు రోజుకి అరలీటరు మించితే అన్నానికి చోటుండదు, ఒంట్లో ఐరన్ కూడా తగ్గుతుంది. మా అత్తయ్యగారు ప్రేమకొద్దీ పదకొండున్నరకి పాలల్లో రెండు బిస్కెట్లు నానబెట్టి పెట్టేవారు, పన్నెండున్నరకి నేను కంచం పట్టుకుని ఏడ్చేదాన్ని. "అత్తయ్యా, ఆ బిస్కెట్ల బదులు మధ్యాహ్నం అన్నం మీరే పెట్టండి" అని అప్పజెప్పాను. ఆవిడ గోరుముద్దలు పెడుతుంటే పాప నా దగ్గర కంటే బాగా తిన్నది.

కాళ్ళ మీద పడుకోబెట్టి ఉగ్గుగిన్నెతో పోయడం, ముక్కు మూసి మింగించడం మానేయండి, పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. నిటారుగా కూర్చోబెట్టి, మీరూ ఎదురుగా కూర్చుని తినండి. తన ముందు కూడా రెండు మెతుకులు, ఉడికిన క్యారెట్ ముక్క వేయండి, ఒళ్ళంతా పూసుకున్నా పర్లేదు. ఇరవై నిమిషాలు, మహా అయితే అరగంట, తర్వాత కంచం తీసేయండి. మూతి తిప్పితే ఒక నిమిషం ఆగి ఇంకోసారి అడగండి, మళ్ళీ తిప్పితే అంతే, ఆ పూట అయిపోయింది. ఫోన్ చూపిస్తే నోరు తెరుస్తుంది నిజమే, కానీ కడుపు నిండిన సంగతి తనకే తెలియదు. మేము ఫోన్ ఆపిన మొదటి మూడు రోజులు ఇంకా తక్కువ తిన్నది, నాలుగో రోజు తనే గిన్నెలో చెయ్యి పెట్టింది.

కొత్త కూర ఉమ్మేస్తే ఇష్టం లేదని తేల్చేయకండి. సొరకాయ మా పాప ఏడెనిమిది సార్లు ఉమ్మేసింది, తర్వాత మామూలుగా తిన్నది. జ్వరం, జలుబు ఉన్నప్పుడు కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టండి, తగ్గాక రెండు వారాల పాటు రోజూ ఒక పూట అదనంగా పెడితే పోయిన బరువు తిరిగి వస్తుంది.

వరసగా రెండు నెలలు బరువు పెరగకపోయినా, తగ్గినా, ఉచ్చ బాగా తక్కువ పోస్తున్నా, తిన్న ప్రతిసారీ దగ్గు, వాంతులు ఉన్నా, అరచేతులు తెల్లగా పాలిపోయినా, మట్టి, సుద్ద తింటున్నా ఆగకుండా పిల్లల డాక్టర్‌కి చూపించండి. ఆరు నెలలు దాటిన పిల్లలకి వారానికి రెండుసార్లు ఒక మిల్లీలీటరు చొప్పున వేసే ఐరన్ సిరప్ గురించి మీ ఆశా కార్యకర్తనో, ఏఎన్‌ఎమ్‌నో అడగండి. మెడికల్ షాపులో ఆకలి సిరప్ మాత్రం డాక్టర్ రాయకుండా కొనకండి, వాటిలో కొన్ని పిల్లల్ని మగతగా పడుకోబెట్టేస్తాయి.