చైనా అక్షరాల గీతల వరుస గుర్తుండాలంటే

ఫోనులో చూస్తున్నంతసేపూ గీతల వరుస తెలిసినట్టే ఉంటుంది. కలం పట్టగానే ఏది ముందో తోచదు. గీతల పేర్లు పైకి అంటూ రాసి చూడండి. మొదట్లో ఆరు చాలు: అడ్డగీత హెంగ్, నిలువు గీత షు, ఎడమకు జారేది ఫ్యె, కుడికి జారేది నా, చుక్క ద్యెన్, అడ్డంగా వెళ్లి కిందికి తిరిగేది హెంగ్‌జ.

‘చెట్టు’ అక్షరానికి (木) హెంగ్, షు, ఫ్యె, నా. ‘దేశం’ అక్షరానికి (నేటి చైనా సరళ లిపిలో 国) 8 గీతలు: షు, హెంగ్‌జ, హెంగ్, హెంగ్, షు, హెంగ్, ద్యెన్, హెంగ్. ఆ చివరి హెంగ్, అక్షరం చుట్టూ ఉండే పెట్టెకు అడుగు. అందరూ తొందరపడి దాన్ని ముందే గీసేస్తారు. లోపలిదంతా నిండాకే తలుపు మూయాలి.

పిల్లల లెక్కల గళ్ల పుస్తకం తీసుకుని, 4 గళ్లు కలిపి ఒక చదరం చేసుకోండి. పేర్లు అంటూ 3 సార్లు, తర్వాత నమూనా మూసేసి ఒకసారి రాయండి. కలం ఎత్తాకే తర్వాతి పేరు పలకాలి.

జపనీస్ యాప్‌లో చూసి చైనా వరుస నేర్చుకుంటే మాత్రం ఇది బెడిసికొడుతుంది. ‘పొలం’ అక్షరం (田) లోపల చైనాలో అడ్డగీత ముందు, జపాన్‌లో నిలువు గీత ముందు.