గ్రాఫిక్స్ కార్డును ఓవర్‌క్లాక్ చేయడం దండగా? చేస్తే ఎలా చేయాలి?

ఓవర్‌క్లాక్ అంటే చిప్ పనివేగాన్ని (క్లాక్‌ను) కంపెనీ పెట్టినదానికన్నా పెంచడం. ఇప్పటి గ్రాఫిక్స్ కార్డును ఓవర్‌క్లాక్ చేస్తే మామూలుగా వచ్చే లాభం మూడు నుంచి ఎనిమిది శాతం. 60 ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఫ్రేమ్‌లు) ఇచ్చే గేమ్ 62 నుంచి 65 దాకా ఇస్తుంది. మీటర్ చూస్తే తప్ప ఆడేవాళ్లకు ఆ తేడా తెలియదు.

పదేళ్ల కిందట లెక్క వేరుగా ఉండేది. 2015లో వచ్చిన ఎన్విడియా కార్డు జీటీఎక్స్ 980 టీఐకి కంపెనీ చెప్పిన బూస్ట్ క్లాక్ 1075 మెగాహెర్ట్జ్. మంచి కూలర్ ఉంటే చాలా కార్డులు 1400 దాటినా నిలబడేవి. తయారీదారులు అలా వదిలేసిన ఖాళీని ఇప్పుడు కార్డే వాడేసుకుంటోంది. 2012లో జీటీఎక్స్ 680తో ఎన్విడియా తెచ్చిన జీపీయూ బూస్ట్ (జీపీయూ అంటే కార్డులోని గ్రాఫిక్స్ చిప్) చేసే పని అదే: వేడి, వాట్లు, వోల్టేజీ చూసుకుంటూ కార్డు తనంతట తానే క్లాక్‌ను పెంచుకుంటుంది, తగ్గించుకుంటుంది. కాబట్టి మనం చేసేది పరిగెత్తుతున్న గుర్రాన్ని అదిలించడమే.

అయినా ఈ పని నేర్చుకోవడం వృథా కాదు. ఇవే పనిముట్లతో వోల్టేజీని తగ్గించే అండర్‌వోల్టింగ్ కూడా చేయొచ్చు. చాలామందికి అసలు లాభం అందులోనే ఉంది. దాని సంగతికి కింద వద్దాం.

మొదలుపెట్టే ముందు

గేమ్ ఆడుతున్నప్పుడు జీపీయూ వాడకం ఎంత శాతం ఉందో చూడండి. ఎప్పుడూ 95కి పైనే ఉంటే కార్డే అడ్డం పడుతోందని అర్థం. 70, 80 దగ్గర ఆడుతుంటే కొరత ప్రాసెసర్‌లో ఉంది, లేదా ఫ్రేమ్ లిమిట్ పెట్టి ఉంది. అప్పుడు కార్డును ఎంత తోమినా ఒక్క ఫ్రేమ్ కూడా పెరగదు.

కావలసినవి నాలుగు. ఒకటి ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్, ఇది ఏ కంపెనీ కార్డుతోనైనా పనిచేస్తుంది. రెండు, దానితో పాటే వచ్చే రివాట్యూనర్, తెర మీద అంకెలు చూపించడానికి. మూడు, కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్. నాలుగు, బెంచ్‌మార్క్ (కార్డును పరీక్షించి స్కోరు ఇచ్చే ప్రోగ్రామ్): త్రీడీమార్క్ టైమ్ స్పై గానీ యూనిజిన్ సూపర్‌పొజిషన్ గానీ. ఫర్‌మార్క్ అనే స్ట్రెస్ టెస్ట్‌ను (కార్డు మీద గట్టి భారం వేసే పరీక్షను) మాత్రం ఈ పనికి వాడొద్దు. అది కార్డును వాట్ల హద్దుకు నొక్కిపెట్టేస్తుంది, క్లాక్ బాగా కిందకు పడిపోతుంది. మనం పరీక్షించాల్సిన పైస్థాయి క్లాక్ అక్కడ అసలు రానేరాదు. ఫర్‌మార్క్ గంటసేపు తట్టుకున్న సెట్టింగ్ మామూలు గేమ్‌లో రెండు నిమిషాలకే కూలిపోవడానికి కారణం ఇదే.

ఏమీ మార్చకుండా పదిహేను నిమిషాలు గేమ్ నడిపి కార్డును వేడెక్కించాక బెంచ్‌మార్క్‌ను మూడుసార్లు నడపండి. స్కోరు, సగటు క్లాక్, ఉష్ణోగ్రత, హాట్‌స్పాట్ (చిప్‌లో అన్నిటికన్నా వేడి చోటు), వాట్లు రాసి పెట్టుకోండి. ఆ మూడు స్కోర్ల మధ్యే దాదాపు ఒక శాతం తేడా ఉంటుంది. తర్వాత కనిపించే లాభం అంతకన్నా తక్కువైతే దాన్ని లాభంగా లెక్కపెట్టకండి.

జీపీయూ-జెడ్‌లో పర్ఫ్‌క్యాప్ రీజన్ అనే వరుస ఒకటుంది. కార్డు ఇంతకన్నా పైకి ఎందుకు వెళ్లడం లేదో అది చెబుతుంది. అక్కడ పవర్ అని కనిపిస్తే వాట్లు చాలడం లేదు, థర్మల్ అని కనిపిస్తే వేడి ఎక్కువైంది. వోల్టేజీ కారణం చూపిస్తే కార్డు తన వోల్టేజీ పైహద్దులో ఉంది. థర్మల్ కనిపించినవాళ్లు ఓవర్‌క్లాకింగ్ మాట పక్కన పెట్టి, ముందు దుమ్ము దులిపి, కేబినెట్‌లోకి గాలి ఆడేలా చూసుకోవాలి.

కోర్ క్లాక్

ఆఫ్టర్‌బర్నర్‌లో పవర్ లిమిట్, టెంపరేచర్ లిమిట్ స్లైడర్లను చివరిదాకా జరపండి. ఫ్యాన్ కర్వ్‌ను (ఏ వేడికి ఫ్యాన్ ఎంత తిరగాలో చెప్పే గీతను) 70 డిగ్రీల దగ్గర 65, 70 శాతం తిరిగేలా పెట్టండి. ఇంకేమీ ముట్టుకోకుండా ఒకసారి బెంచ్‌మార్క్ నడపండి. వాట్లు చాలని కార్డు అయితే మొత్తం లాభంలో చెప్పుకోదగ్గ వాటా ఇక్కడే వచ్చేస్తుంది.

తర్వాత కోర్ క్లాక్‌కు (గ్రాఫిక్స్ చిప్ వేగానికి) ఒకేసారి 50 మెగాహెర్ట్జ్ కలపండి. నిలబడితే అక్కడినుంచి 15 చొప్పున పెంచండి. ఈ 15కి కారణం ఉంది: 2018 నాటి ట్యూరింగ్ తరం నుంచి ఎన్విడియా కార్డుల క్లాక్ 15 మెగాహెర్ట్జ్ మెట్ల మీదే కదులుతుంది. 7, 8 కలపడం వల్ల ఒరిగేదేమీ ఉండదు. ప్రతి మెట్టు దగ్గరా ఐదు నిమిషాలు పరీక్షించండి. కూలిపోయిన అంకె నుంచి 30 వెనక్కి రండి. ఎక్కువ కార్డులు 100, 200 మధ్యలో ఎక్కడో ఆగిపోతాయి. వేరేవాళ్ల కార్డు 180 మోసిందని మనది కూడా మోయాలని లేదు. ఫ్యాక్టరీలోనే క్లాక్ పెంచి అమ్మిన కార్డుకు 80 కలపడమూ, మామూలు కార్డుకు 180 కలపడమూ చివరికి ఒకే చోటికి చేరవచ్చు.

చాలామంది బోల్తా పడేది ఇంకో చోట. కార్డు కూలేది భారీ సన్నివేశంలోనే అనుకుంటాం. కానీ లోడ్ తేలికగా ఉన్నప్పుడే వాట్లు మిగిలి, వేడి తగ్గి, క్లాక్ అన్నిటికన్నా పైకి ఎగబాకుతుంది. అందుకే స్ట్రెస్ టెస్ట్ నెగ్గిన సెట్టింగ్ గేమ్ మెనూలోనో, లోడింగ్ స్క్రీన్ మీదో కూలుతుంది. అలా జరిగితే ఇంకో మెట్టు దిగడమే మందు.

మెమరీ

కోర్‌ను మళ్లీ సున్నాకు తెచ్చి మెమరీని విడిగా చూడాలి. రెండూ కలిపి పెంచితే ఏది కూల్చిందో తేలదు.

ఒక్కో టూల్ మెమరీ అంకెను ఒక్కోలా చూపిస్తుంది, దాంతో కంగారు పడొద్దు. 14 జీబీపీఎస్ (సెకనుకు గిగాబిట్లు) వేగమున్న జీడీడీఆర్6 రకం మెమరీని జీపీయూ-జెడ్ 1750 అని, ఆఫ్టర్‌బర్నర్ 7000 అని చూపిస్తాయి. రెండూ నిజమే. 256 బిట్ బస్ (చిప్‌కు, మెమరీకి మధ్య దారి) ఉన్న కార్డులో ఆ మెమరీ సెకనుకు 448 గిగాబైట్లు మోస్తుంది. ఆఫ్టర్‌బర్నర్‌లో 500 కలిపితే 15 జీబీపీఎస్, అంటే 480 గిగాబైట్లు అవుతుంది. ఏడు శాతం పెరిగింది కదా అని ఎఫ్‌పీఎస్ ఏడు శాతం పెరగదు. ఎక్కువ రిజల్యూషన్‌లో ఆడేవాళ్లకు దీని ఫలం కాస్త మెరుగ్గా కనిపిస్తుంది.

100 చొప్పున పెంచుతూ ప్రతిసారీ స్కోరు రాయండి. ఇక్కడ కూలిపోయేదాకా ఆగడం తప్పు. జీడీడీఆర్5 నుంచీ మెమరీ బస్‌లో పొరపాటును పట్టుకునే ఏర్పాటు ఉంది. డేటా చెడితే దాన్ని మళ్లీ పంపిస్తుంది. అలా మళ్లీ మళ్లీ పంపడంలో సమయం పోతుంది. తెర మీద మచ్చ కూడా పడదు, గేమ్ ఆగదు, స్కోరు మాత్రం తగ్గుతుంది. 800 దగ్గర స్కోరు పెరిగి 900 దగ్గర తగ్గిందంటే అసలు హద్దు దాటేశారన్నమాట. 700 దగ్గర స్థిరపడండి.

జీడీడీఆర్6ఎక్స్ ఉన్న కార్డుల్లో వేడిని కూడా చూసుకోవాలి. ఆ చిప్‌లు 110 డిగ్రీల దగ్గర తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. ఆర్‌టీఎక్స్ 3090లో సగం మెమరీ చిప్‌లు బోర్డు వెనకవైపు ఉంటాయి కాబట్టి ముందరి ఫ్యాన్ల గాలి వాటికి తగలదు. హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రామ్‌లో మెమరీ జంక్షన్ (మెమరీ చిప్ లోపలి) ఉష్ణోగ్రత 100 దాటుతుంటే మెమరీని పెంచే ఆలోచన మానుకోండి.

రెండు అంకెలూ తేలాక కలిపి పెట్టండి. విడివిడిగా నిలబడ్డవి జంటగా నిలబడకపోవచ్చు. మెమరీ తినే అదనపు వాట్లు కోర్ వాటాలోంచే పోతాయి. అప్పుడు కోర్‌ను ఒక మెట్టు దించండి. ఆపైన టైమ్ స్పై స్ట్రెస్ టెస్ట్‌ను 20 లూపులూ నడపండి. ఫ్రేమ్ రేట్ నిలకడ 97 శాతం ఉంటే అది పాస్ అంటుంది. రే ట్రేసింగ్ (కాంతి దారిని లెక్కగట్టి వెలుగునీడలు గీసే పద్ధతి) ఉన్న గేమ్ ఒకటి గంటసేపు ఆడండి, ఎందుకంటే చిప్‌లో మామూలు గేమ్‌లు తాకని భాగాలను అది కదిలిస్తుంది.

విండోస్‌తో పాటే సెట్టింగ్ అమలయ్యే బటన్‌ను వారం రోజులు సాఫీగా నడిచాకే నొక్కండి. తొందరపడి నొక్కి, డెస్క్‌టాప్ రాగానే కూలే స్థితికి వస్తే సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆఫ్టర్‌బర్నర్‌ను తీసేయాల్సి వస్తుంది.

ఏది చెడితే ఏం కనిపిస్తుంది

తెర రెండు క్షణాలు నల్లబడి మళ్లీ వస్తే డ్రైవర్ పడి లేచింది. జీపీయూ రెండు సెకన్లపాటు బదులివ్వకపోతే విండోస్ దాన్ని రీసెట్ చేస్తుంది. విండోస్ లాగ్ చూపే ఈవెంట్ వ్యూయర్‌లో అది 4101 నంబరుతో నమోదవుతుంది. ఎక్కువసార్లు దీనికి కోర్ క్లాకే కారణం. తెర నిండా రంగు చుక్కలు, గళ్లు మెరుస్తుంటే మెమరీని అనుమానించండి. కంప్యూటర్ మొత్తం ఒక్కసారిగా ఆగి రీస్టార్ట్ అయితే తప్పు కార్డుది కాకపోవచ్చు, పవర్ సప్లై చేతులెత్తేసి ఉంటుంది. స్లాట్ నుంచి 75 వాట్లు, 8 పిన్ కేబుల్ ఒక్కోదాని నుంచి 150 వాట్లు అన్నది ప్రమాణం. కార్డుకు రెండు సాకెట్లుంటే పవర్ సప్లై నుంచి రెండు వేర్వేరు కేబుళ్లు లాగండి. ఒకే కేబుల్ చివర రెండు తలలున్నదాన్ని ఓవర్‌క్లాక్ చేసిన కార్డుకు తగిలించొద్దు.

కార్డు కాలిపోతుందన్న భయం స్లైడర్ల వరకైతే అక్కర్లేదు. వోల్టేజీ పైహద్దును తయారీదారే బిగించి పెట్టాడు, వేడి మితిమీరితే కార్డే ఆగిపోతుంది. వేరే కార్డు బయాస్‌ను (కార్డు లోపలి మూల సాఫ్ట్‌వేర్‌ను) ఎక్కించడం మాత్రం వేరే కథ. అక్కడ వారంటీ పోతుంది, కార్డు కూడా పోవచ్చు. నాలుగు ఫ్రేమ్‌ల కోసం అంత తెగింపు అనవసరం.

అండర్‌వోల్టింగ్

చిప్ తినే వాట్లు వోల్టేజీ వర్గానికి అనుపాతంలో పెరుగుతాయి. అదే క్లాక్‌ను 1.05 వోల్టుల బదులు 0.90 దగ్గర నడపగలిగితే ఆ లెక్కన వాట్లు నాలుగో వంతుకు పైగా తగ్గుతాయి. కోర్ భాగం వరకే సుమా, మెమరీ, ఫ్యాన్ల వాటా అలాగే ఉంటుంది. 320 వాట్ల ఆర్‌టీఎక్స్ 3080 ఇలా 270 లోపుకు దిగి కూడా స్కోరులో దాదాపు ఏమీ పోగొట్టుకోకపోవడం మామూలే.

చేసే తీరు: ఆఫ్టర్‌బర్నర్‌లో కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కితే కర్వ్ తెరుచుకుంటుంది. అడ్డంగా మిల్లీవోల్టులు, నిలువుగా మెగాహెర్ట్జ్. గేమ్‌లో మీ కార్డు మామూలుగా నిలిచే క్లాక్ 1850 అనుకుందాం. ముందు కోర్ స్లైడర్‌ను కిందకు లాగండి, కర్వ్ కుడివైపు బిందువులన్నీ 1850 కన్నా కిందకు వచ్చేదాకా. అప్పుడు 900 మిల్లీవోల్టుల బిందువు ఒక్కదాన్నే పట్టుకుని 1850కి ఎత్తి అప్లై నొక్కండి. దానికి కుడివైపున్నదంతా చదునైపోతుంది, కార్డు 900 దాటి పోదు. గేమ్ కూలితే 925కు జరపండి. నిలబడితే 875 ప్రయత్నించండి. కార్డు వేడెక్కినప్పుడు కర్వ్ ఒకటి రెండు మెట్లు తనంతట కదులుతుంది, 1850 బదులు 1835 కనిపిస్తే తప్పు చేశామనుకోవద్దు.

ఏఎండీ రేడియాన్ కార్డులకు అడ్రెనలిన్ సాఫ్ట్‌వేర్‌లోని ట్యూనింగ్ పేజీ చాలు. ఆర్ఎక్స్ 6000, 7000 వరుసల్లో వోల్టేజీ స్లైడర్ 1150ని 1100 చేస్తే కార్డు కచ్చితంగా 1100 దగ్గర నడుస్తుందని కాదు, కర్వ్ మొత్తం కిందకు జరుగుతుంది. మిగిలిన వాట్లతో కార్డు క్లాక్ పెంచుకుంటుంది. అందుకే అక్కడ వోల్టేజీ తగ్గించడమే ఓవర్‌క్లాకింగ్. ల్యాప్‌టాప్‌లలో పవర్ లిమిట్‌కు తాళం వేసి ఉండడం ఎక్కువ కాబట్టి, కర్వ్‌ను మార్చనిచ్చే మోడళ్లు వాడేవాళ్లకూ అండర్‌వోల్టింగే దారి.

ఈ సెట్టింగ్‌లన్నీ ఒక ప్రొఫైల్ నంబరులో దాచుకోండి. మొదటి నంబరును ఏమీ మార్చని స్థితికి కేటాయించండి. కొత్త గేమ్ పదేపదే కూలుతుంటే గేమ్‌నో డ్రైవర్‌నో తిట్టుకునే ముందు ఆ నంబరు నొక్కి మళ్లీ ఆడి చూడండి.