నిర్మాణ ఖర్చుల సూచీ మనమే కట్టుకుందాం – 3వ పాఠం: వాటాలు, లెక్క, అతుకు

పోయిన పాఠం చివర ఇచ్చిన లెక్కతో మొదలుపెడదాం. 12 ఎంఎం కడ్డీ, పొడవు 12 మీటర్లు. రెండు నెలలూ కడ్డీ ధర ఒకటే. మొదటి నెల తూకం వేస్తే 10.67 కిలోలుంది, రెండో నెల 10.24 ఉంది. ధర పెరిగిందా, లేదా?

పెరగలేదని రాసినవాళ్ల పట్టికలో ప్రమాణం గడిలో 'కడ్డీ' అని ఉండి ఉంటుంది. 'కిలో' అని రాసుకున్నవాళ్లు 10.67ను 10.24తో భాగిస్తే 1.042 వస్తుంది, అంటే 4.2 శాతం పెరిగింది. ఆ 10.67 లెక్క ఇలా వచ్చింది: వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని వర్గం చేసి 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో తెలుస్తుంది. 144ను 162తో భాగిస్తే 0.889. దాన్ని పన్నెండుతో గుణిస్తే 10.67. స్టీలును తూకంలోనే రాయాలని పోయినసారి అంతగా పట్టుబట్టింది ఇందుకే.

1వ పాఠంలో నమూనా ఇంటికి ఏ సరుకు ఎంత పడుతుందో తీశాం. 2వ పాఠంలో ప్రతి నెలా ఒకే తేదీన, అదే సరుకుకు, పన్నూ రవాణా దింపుడు కూలీ కలిపి సైటుకు చేరే ధర రాయడం మొదలుపెట్టాం. ఇప్పుడు ఆ ధరల పుస్తకాన్ని ఒక్క అంకెగా మార్చాలి. ఆ అంకే సూచీ: పోలిక మొదలుపెట్టిన నెల (ఆధార నెల) ఖర్చును 100 అనుకుంటే ఈ నెల ఖర్చు ఎంతో అది చెబుతుంది.

ముందు దుకాణాల సంగతి తేల్చుకోవాలి. ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. ఒక సరుకుకు మూడు దుకాణాల్లో అడిగారు: 380, 400, 450. సగటు 410. మరుసటి నెల మూడో దుకాణం మూతపడింది. మిగిలిన రెండూ చెరో 10 పెంచాయి: 390, 410. సగటు 400. పుస్తకం ప్రకారం ధర 2.4 శాతం తగ్గింది, నిజానికి ఎవరూ తగ్గించలేదు! రెండు నెలల్లోనూ ధర చెప్పిన దుకాణాలనే పోల్చాలి. 380, 400 కలిపితే 780. 390, 410 కలిపితే 800. పెరుగుదల 2.6 శాతం. కొత్త దుకాణాన్ని చేర్చుకోవాలన్నా ఇదే పద్ధతి: మొదటి నెల ధర రాసి ఊరుకోండి, రెండో నెల నుంచే లెక్కలోకి తీసుకోండి.

ఒక నెల ధర దొరక్కపోతే పాత ధరే మళ్లీ రాసేయడం అందరూ చేసే పని. చేయకండి. అలా రెండు మూడు నెలలు రాస్తే గీత బల్లపరుపుగా సాగి, అసలు ధర దొరికిన నెలలో ఒక్కసారిగా ఎగురుతుంది. ఆ నెలలో ఏదో ఉపద్రవం వచ్చిందని చూసేవాళ్లు అనుకుంటారు. దానికి దగ్గరి సరుకులు ఎంత శాతం కదిలాయో అంతే శాతం దీన్నీ కదిపి, పక్కన పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి.

ఇక వాటాలు. ఆధార నెలలో ఒక్కో సరుకు పరిమాణాన్ని దాని ధరతో గుణించి, మొత్తం ఖర్చులో అది ఎన్నో వంతో చూడండి. పాఠం కోసం గుండ్రటి అంకెలు తీసుకుందాం. మీ నమూనా ఇంటికి మీ అంకెలే వాడండి. సిమెంటు 15, స్టీలు 18, ఇసుక కంకర కలిపి 10, ఇటుక 8, తలుపులు కిటికీల చెక్క 7, కరెంటు ప్లంబింగు సామాన్లు 12, కూలీ 30. మొత్తం 100.

ఇప్పుడు ఈ నెల ధరను ఆధార నెల ధరతో భాగించి 100తో గుణిస్తే ఒక్కోదానికి ధర నిష్పత్తి వస్తుంది. అవి ఇలా వచ్చాయనుకోండి: సిమెంటు 110, స్టీలు 130, ఇసుక కంకర 140, ఇటుక 115, చెక్క 105, కరెంటు ప్లంబింగు 108, కూలీ 120. ప్రతి నిష్పత్తినీ దాని వాటాతో గుణించి 100తో భాగించాలి. వరుసగా 16.50, 23.40, 14.00, 9.20, 7.35, 12.96, 36.00 వస్తాయి. కూడితే 119.41. అదే ఈ నెల సూచీ.

కూడిక అయిపోయిందని కాగితం మడిచేయకండి. ఒక్కో గడిలోంచి వాటాను తీసేసి చూడండి. కూలీ 36 లోంచి 30 పోతే 6 పాయింట్లు. స్టీలుది 5.4. ఇసుక కంకరది 4. అందరూ గగ్గోలు పెట్టేది 40 శాతం పెరిగిన ఇసుక గురించే, కానీ ఇంటి ఖర్చును ఎక్కువగా మోసింది 20 శాతమే పెరిగిన కూలీ. ఈ తీసివేత వరుసను మీ పట్టికలో శాశ్వతంగా ఉంచండి. నన్నడిగితే సూచీ కంటే ఇదే ఎక్కువ ఉపయోగం.

ఇక్కడే ఇంకో తప్పు కాచుకుని ఉంటుంది. ధరలు మారాక స్టీలు వాటా 18 కాదు, 23.4ను 119.41తో భాగిస్తే దాదాపు 19.6. అది చూసి కొందరు వచ్చే నెల వాటాలను కొత్త బిల్లుల నుంచి దిద్దేస్తారు. అలా చేస్తే ఆధార నెలతో పోల్చిన నిష్పత్తికి ఈ నెల వాటా తగులుతుంది, వచ్చే అంకెకు అర్థం ఉండదు. ఆధారం మార్చేదాకా వాటాలు కదలకూడదు.

ఇలా పాత పరిమాణాలను పట్టుకుని లెక్కించే పద్ధతిని 1871లో ఎటియన్ లాస్పియర్ చెప్పాడు. 1874లో హెర్మన్ పాషే ఇప్పటి పరిమాణాలతో లెక్కించాలన్నాడు. రెండోది వినడానికి బాగుంటుంది కానీ ప్రతి నెలా పరిమాణాలు కొత్తగా తీయాలి, అది మనవల్ల అయ్యే పని కాదు. మొదటిదాని లోపం మాత్రం తెలిసి ఉండాలి: ఇటుక ప్రియమైతే జనం బ్లాకులకు మళ్లుతారు, మన పట్టిక మాత్రం ఇంకా ఇటుకలే కొంటూ ఉంటుంది. అందుకే ఇది పెరుగుదలను కాస్త ఎక్కువ చేసి చూపించే అవకాశం ఉంది.

కూలీ గురించి కొంచెం ఆగాలి. రోజు కూలీ 100 నుంచి 120 అయింది. అప్పట్లో ఒక జట్టు రోజుకు 10 చదరపు మీటర్ల ప్లాస్టరింగు చేసేది, ఇప్పుడు 11 చేస్తోంది. చదరపు మీటరు లెక్కన 10 నుంచి 10.91 అయింది, అంటే 9.1 శాతమే. పట్టికలో రోజు కూలీ రాస్తే 20, పని లెక్కన రాస్తే 9.1. ఏది ఒప్పు? దేన్ని కొలుస్తున్నారో దాన్ని బట్టి రెండూ ఒప్పే. శ్రమ ధర ఎలా మారిందో చూడాలంటే రోజు కూలీ, ఇల్లు కట్టించేవారి జేబు మీద ఎంత పడుతుందో చూడాలంటే పని లెక్క. ఒక ఏడాది అదీ ఒక ఏడాది ఇదీ రాస్తే మాత్రం రెండూ చెడతాయి.

ఈ తేడా ఎంత దూరం పోతుందో అమెరికాలోని ఇంజినీరింగ్ న్యూస్-రికార్డ్ పత్రిక ప్రచురించే రెండు సూచీల్లో కనిపిస్తుంది. రెండింటికీ ఆధారం 1913. రెండింట్లోనూ సరుకులు అవే: 25 అమెరికన్ హండ్రెడ్‌వెయిట్ల (సుమారు 1,134 కిలోల) నిర్మాణ ఉక్కు, 1.128 టన్నుల సిమెంటు, 1,088 బోర్డు అడుగుల కలప (అడుగు పొడవు, అడుగు వెడల్పు, అంగుళం మందం ఉంటే ఒక బోర్డు అడుగు). తేడా కూలీలోనే. ఒకదాంట్లో సాధారణ కూలీ 200 గంటలు, రెండోదాంట్లో నైపుణ్యం ఉన్న పనివారి 68.38 గంటలు. ఆ ఒక్క వరుస వల్లే రెండు గీతలూ దశాబ్దాల్లో చాలా దూరం జరిగాయి. గంటలు స్థిరం కాబట్టి పని వేగం పెరిగినా తగ్గినా వీటికి తెలియదు. కాంట్రాక్టరు లాభం కూడా వీటిలో లేదు. మన సూచీలోనూ లేదు. గిరాకీ బాగున్నప్పుడు టెండరు ధరలు మన సూచీని దాటి పోతాయి, పనులు దొరకనప్పుడు కిందికి దిగుతాయి. రెండూ కలవలేదని కంగారు పడి వాటాలు దిద్దకండి.

వాడకంలో రెండు విషయాలు. సూచీ 119.41 నుంచి 125.38కి వెళ్తే 5.97 పాయింట్లు పెరిగినట్టు, 5.97 శాతం కాదు. శాతం కావాలంటే భాగించాలి: 125.38ను 119.41తో భాగిస్తే 1.05, అంటే 5 శాతం. పాత అంచనాను ఇప్పటికి తేవాలన్నా భాగహారమే. సూచీ 112 ఉన్నప్పుడు 24 లక్షలని వేసిన అంచనా, సూచీ 140 అయినప్పుడు 24ను 140తో గుణించి 112తో భాగిస్తే 30 లక్షలు. అదే ఇల్లు, అదే ప్లాను అయితేనే సుమా! మధ్యలో మార్బుల్ వేయాలనుకుంటే ఆ పెరుగుదల సూచీది కాదు.

చివరగా అతుకు. ఏ నాలుగైదేళ్లకో పరిమాణాలు కొత్తగా తీసి ఆధారం మార్చాల్సి వస్తుంది. అప్పుడు ఒక నెల రెండు సూచీలూ కట్టాలి, అది తప్పదు. ఆ నెల పాతది 186, కొత్తది 100 అయితే అతుకు గుణకం 1.86. తర్వాత కొత్తది 107కి చేరితే పాత ఆధారంలో 107ను 1.86తో గుణించి 199.02. పాతదాన్ని డిసెంబరుతో ఆపి కొత్తదాన్ని జనవరిలో 100తో మొదలుపెడితే, ఆ నెల రోజుల్లో ధర ఎంత మారిందో ఏ గీతలోనూ ఉండదు. పాత కాగితాలు పారేయకుండా ఉంటే కొన్నిసార్లు తర్వాత సరిచేయవచ్చు, పారేస్తే ఇక అంతే.

ఒక్క సరుకు మారినా ఇదే సూత్రం. వచ్చే పాఠానికి ఈ లెక్క చేసి ఉంచండి. పైన మన పట్టికలో ఇటుక నిష్పత్తి 115. వచ్చే నెల నుంచి ఇటుక మానేసి బ్లాకుల ధర రాద్దామనుకున్నాం. ఇటుకకూ బ్లాకుకూ సైజు వేరు, వాటికి పట్టే సున్నం సిమెంటు మాలు కూడా వేరు కాబట్టి గోడ చదరపు మీటరు ప్రమాణం. బ్లాకు గోడ ఈ నెల 60, వచ్చే నెల 63. మిగతా ధరలేవీ మారలేదు. ఇటుక ఉన్న వరుసలో వచ్చే నెల ఏ నిష్పత్తి రాయాలి? సూచీ ఎంతవుతుంది? 105 అని రాయబోయినవాళ్లు పై పేరా ఇంకోసారి చదవండి.

4వ పాఠంలో జవాబు చూసుకుని, పది నెలలు సాగే పనికి ఏ నెల సూచీ తీసుకోవాలో మొదలుపెడదాం.