మైల తెలిసినవాళ్ళు ‘యీలీ’ని చదవడం ఎలా

నాన్న పోయినప్పుడు తమ్ముడికి పది రోజులు మైల అన్నారు. నాకు మూడే. పెళ్ళయిన కూతుర్ని కదా. మల్లేశ్వరంలోని మా ఇంటికి తిరిగొచ్చాక, ఈ లెక్కలు ఎవరు కట్టారా అని వెతుకుతూ చైనావాళ్ళ ప్రాచీన కర్మకాండ గ్రంథం ‘యీలీ’ దగ్గరికి చేరాను.

పదిహేడు అధ్యాయాలున్నాయి. మొదటినుంచీ చదవకండి. మొదటిది ఇరవయ్యేళ్ళ కుర్రాడికి టోపీ పెట్టే తంతు. ఎవరు తూర్పు మెట్లెక్కాలి, ఎవరు పడమటి మెట్లెక్కాలి అన్న దగ్గరే నేను రెండుసార్లు వదిలేశాను. నేరుగా 11వ అధ్యాయం తెరవండి. అది శోకవస్త్రాలది. జ్ఞాతులు, మేనమామలు, అత్తింటివాళ్ళు, ఎవరికి ఎన్నాళ్ళు... అంతా మనమెరిగిన లోకమే. 1917లో జాన్ స్టీల్ చేసిన ఇంగ్లీషు అనువాదంతో మొదలుపెట్టవచ్చు.

ముందు ఒక కాగితం మీద మీ వంశవృక్షం గీయండి. ఒక్కొక్కరి పక్కన గ్రంథం చెప్పిన గడువు రాయండి: మూడేళ్ళు, ఏడాది, తొమ్మిది నెలలు, ఐదు, మూడు. నాన్న దగ్గర నా పెన్ను ఆగిపోయింది. పెళ్ళికాని కూతురైతే తండ్రికి మూడేళ్ళు, పెళ్ళయితే ఏడాది. కన్ఫ్యూషియస్ శిష్యుడు జిషియా పేరు మీద వచ్చిన వివరణ అక్కడే ‘ఎందుకు?’ అని అడుగుతుంది. ఆడదానికి రెండు ఆకాశాలుండవు, పెళ్ళికి ముందు తండ్రి, తర్వాత భర్త అంటుంది. ఆ జవాబు నాకు మింగుడుపడలేదు. కానీ నాకు మూడు రోజులని చెప్పినవాళ్ళెవరూ కారణం చెప్పలేదు. ఇక్కడ చెప్పారు. అందుకే ఈ గ్రంథాన్ని వదల్లేకపోయాను.

మూలం ఒక రంగు ఇంకుతో, ఈ వివరణ ఇంకో రంగుతో, తర్వాతి కాలపు పండితుడు జెంగ్ శ్వెన్ (క్రీ.శ. 127–200) భాష్యం మూడో రంగుతో రాసుకోండి. కలిపేస్తే ఎవరి మాట ఏదో తెలియదు.

తర్వాత గోడ క్యాలెండర్ దించండి. మూడేళ్ళ శోకమంటే నిండా మూడేళ్ళు కాదు. మన సంవత్సరీకం పదమూడో నెల మొదట్లో వచ్చినట్టే, వాళ్ళ రెండో ఏటి తంతు ఇరవయ్యైదో నెలలో పడుతుంది. ఆ తర్వాత శోకం విడిచే తంతు ఎప్పుడు? 14వ అధ్యాయం చివర ‘నడుమ’, ‘నెల’ అని రెండే అక్షరాలున్నాయి. నడుమ ఒక నెల విడిచిపెట్టి అని జెంగ్ శ్వెన్ చదివాడు: 27 నెలలు. ఆ నెల నడుమనే అని ఇంకో భాష్యకారుడు వాంగ్ సు (195–256) చదివాడు: 25. తర్వాతి రాజ్యాల్లో 27 నిలిచింది.

ఇలాంటి చోటికి వచ్చినప్పుడు భాష్యాలు మూసేసి, ముందు మీ లెక్క మీరు కట్టండి. నేను నాన్న పోయిన నెలనుంచి వేళ్ళ మీద లెక్కపెట్టి, 27 దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టుకున్నాను.